డిబ్బీలో చిల్లర నోట్లుగా మారాలంటే

కొట్టు గల్లా కింద నూనె డబ్బాల్లో పేరుకున్నదైనా, పిల్లల డిబ్బీలు పగలగొడితే వచ్చినదైనా, ఊరి రామాలయం హుండీ విప్పితే పోగైనదైనా, చిల్లర కదలకపోవడానికి కారణం ఒక్కటే. దాన్ని లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఫోన్‌పే వచ్చాక చిల్లరకు గిరాకీ పోయిందంటారు. అది కొంతవరకు నిజమే. కానీ బ్యాంకు క్యాషియర్ ముఖం చిట్లించేది మాత్రం, వెనకాల ఇరవై మంది నిలబడి ఉండగా బస్తా తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తారేమోనన్న భయంతో. లెక్క ఇంట్లోనే తేల్చి, ఎదుటివాళ్లు ఒక్క కట్ట విప్పి చూసి మిగతావి నమ్మేలా తీసుకెళ్తే, అమలాపురంలోనైనా భీమవరంలోనైనా చిల్లర మారుతుంది.

ముందు ఎంత ఉందో అంచనా వేయండి

డబ్బా మొత్తం కాటా మీద పెట్టి చూడండి. ఇప్పుడు ఎక్కువగా దొరికే 2011 నమూనా రూపాయి బిళ్లలైతే కిలోకి సుమారు 263 వస్తాయి, అంటే 263 రూపాయలు. అదే నమూనా రెండు రూపాయల బిళ్లలు కిలో ఉంటే 412 రూపాయలు. పసుపు రంగు ఐదు రూపాయల బిళ్లలు కిలోకి 830 రూపాయలు, పది రూపాయలవి 1,290, ఇరవై రూపాయలవి 2,340 దాకా తూగుతాయి. గల్లాలో అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి పైనుంచి ఒక దోసెడు, మధ్యనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీసి విడదీయండి. ఆ పాళ్లతో మొత్తం బరువుకు లెక్క కట్టండి. పైదోసెడు ఒక్కటే చూస్తే అంచనా తప్పుతుంది. డబ్బా కదిలినప్పుడల్లా చిన్న బిళ్లలు సందుల్లోంచి అడుక్కు జారతాయి, పెద్దవి పైకి తేలతాయి.

ఈ లెక్క ఎందుకంటే, పది కిలోల లోపైతే ఒక మనిషి ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలిపోతుంది. యాభై కిలోలుంటే విడతలుగా చేసుకోవాలి. బ్యాంకుకు కూడా విడతలుగానే తీసుకెళ్లాలి.

ఏరివేత

పాత దుప్పటి పరిచి దాని మీద పోయండి. ఉత్త గచ్చు మీద పోస్తే సగం మంచాల కిందికి దొర్లుతాయి.

మొదట చెల్లనివి తీసెయ్యాలి. 25 పైసలు, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. 50 పైసలు మాత్రం ఇప్పటికీ చెల్లుతాయి. కొట్లవాళ్లు తీసుకోరన్నది వేరే సంగతి. కన్నం వేసి మొలతాడుకు కట్టినవి, రైలు పట్టాల మీద పెట్టి సాగదీసినవి, అంకె కనపడనంతగా అరిగిపోయినవి పక్కన పెట్టండి. పాడుచేసిన నాణెం, ఉండాల్సిన బరువు లేని నాణెం 2011 నాణేల చట్టం ప్రకారం చెల్లుబాటు కాదు. కట్టలో అలాంటివి రెండు దొరికితే క్యాషియర్ మిగతా కట్టలన్నీ విప్పుతారు.

కోనసీమ చిల్లరలో ఇంకో రకం కూడా తగులుతుంది. కువైట్ ఫిల్సులు, దుబాయ్ దిర్హాములు, మస్కట్ బైసాలు. గుడి హుండీల్లో ఇవి మరీ ఎక్కువ. దిర్హాము బిళ్ల మన పాత తెల్ల ఐదు రూపాయల బిళ్లకు దాదాపు అంతే వెడల్పు ఉంటుంది కాబట్టి హడావుడిలో కలిసిపోతుంది. వీటికి వేరే డబ్బా పెట్టండి.

తర్వాత అయస్కాంతం. పాత స్పీకర్‌లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం చాలు. దాన్ని పల్చటి కవరులో పెట్టి కుప్ప మీద తిప్పితే స్టీలు బిళ్లలు అంటుకుంటాయి. కవరు లాగేస్తే రాలిపోతాయి. అలా రూపాయి, రెండు రూపాయలు, యాభై పైసలు చాలావరకు ఒక పక్కకు వస్తాయి. పసుపు ఐదు రూపాయలు, పాతకాలపు కప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన) బిళ్లలు అంటవు. 2007 ప్రాంతంలో వచ్చిన తెల్ల ఐదు రూపాయల బిళ్ల కూడా స్టీలుదే కాబట్టి అదీ అంటుకుని వస్తుంది, చూసి తియ్యండి. పది, ఇరవై రూపాయల బిళ్లలు రెండు రంగుల్లో ఉంటాయి కాబట్టి చూపుకే దొరుకుతాయి. రెండూ 27 మిల్లీమీటర్ల వెడల్పే. పది గుండ్రంగా ఉంటే, ఇరవైకి పన్నెండు అంచులు ఉంటాయి. ముందు ఈ రెండిటినీ తీసేస్తే విలువైన సొమ్ము వేరుపడిపోతుంది.

అసలు తప్పులు జరిగేది స్టీలు కుప్పలో. కొత్త నమూనా వచ్చినప్పుడల్లా బిళ్లలు చిక్కిపోతూ వచ్చాయి. చివరికి రెండు రూపాయల బిళ్ల, పాత రూపాయి బిళ్ల కొలతకు దిగిపోయింది. చేతిముద్ర బొమ్మ (నాట్యంలోలా వేళ్లు చూపించే చెయ్యి) ఉన్న రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల కూడా సరిగ్గా 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములే. అలాగే చేతిముద్ర ఉన్న యాభై పైసలు, 2011 రూపాయి రెండూ 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. కాబట్టి జల్లెడ కన్నాలతో వేరుచేసే చవక పరికరాలు, తూకం మీద లెక్కించే యంత్రాలు ఈ జంటల దగ్గర బోల్తా పడతాయి. అంకె చూసి చేత్తో ఏరడం తప్ప దారి లేదు. చేతిముద్రల రకంలో బొటనవేలు ఒక్కటే పైకి ఉంటే రూపాయి, రెండు వేళ్లుంటే రెండు రూపాయలు. ఇవి కాక 2019 నమూనా ఉంది. అందులో రూపాయి 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములకు తగ్గింది. రెండు రూపాయలు 23 మిల్లీమీటర్లు, 4.07 గ్రాములు. అంటే కొత్త రెండు రూపాయలకూ 2011 రూపాయికీ వెడల్పులో తేడా ఒక్క మిల్లీమీటరు. రాత్రిపూట బల్బు వెలుగులో ఈ పని పెట్టుకోకండి.

అంకె ప్రకారం వేరుచేశాక, ప్రతి అంకెలోనూ నమూనాల వారీగా మళ్లీ విడదీయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. తూకం తప్పేది అందుకే.

కడగాలా వద్దా

బ్యాంకుకు మెరుపు అక్కర్లేదు. దుమ్ము దులిపితే చాలు. కానీ హుండీ చిల్లరకు కుంకుమ, నూనె, కర్పూరం, బెల్లం జిగురు అంటి ఉంటాయి. జిడ్డు ఉన్న బిళ్లలు ఒకదానికొకటి అంటుకుని లెక్క తప్పిస్తాయి, తూకంలో బరువు పెంచుతాయి. అలాంటివి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి పావుగంట నానబెట్టి, చేత్తో కలియబెట్టి, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఆ తర్వాత గుడ్డ మీద పల్చగా పరిచి ఎండలో పెట్టాలి. పూర్తిగా ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో కడితే మన గాలిలో ఉండే తేమకు నాలుగు రోజుల్లో పసుపు బిళ్లల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. చింతపండు, నిమ్మరసం, టాయిలెట్ యాసిడ్ జోలికి పోకండి. పులుపు లోహాన్ని తినేస్తుంది. రెండు లోహాల పది రూపాయల బిళ్ల రంగు మారితే నకిలీదేమోనని అనుమానిస్తారు.

రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో అయస్కాంతం తాడుకు కట్టి ఏటిలోంచి తీసే బిళ్లలు ఒండ్రు పట్టి నల్లగా ఉంటాయి. వాటినీ ఇలాగే కడగాలి. ఇసుక రేణువు అంచుల్లో మిగిలితే కట్ట బరువు తేడా వస్తుంది కాబట్టి చివర పొడిగుడ్డలో వేసి మూటలా పట్టుకుని గట్టిగా ఆడించండి.

తూచి లెక్కపెట్టడం

ప్రభుత్వం చెప్పిన బరువుతో నేరుగా లెక్క కట్టొద్దు. అరుగుదల వల్ల, తయారీలో ఉండే చిన్న తేడాల వల్ల నూరు బిళ్లలకు ఒకటి రెండు తప్పుతాయి. మీ కుప్పలోంచే ఒకే నమూనావి నూరు చేత్తో లెక్కపెట్టి తూచండి. వేరే నూరుతో ఇంకోసారి చూడండి. రెండు తూకాలూ కలిస్తే అదే మీ పడికట్టు. 2011 రూపాయి నూరు 379 గ్రాముల దగ్గర, 2019 రూపాయి 309 దగ్గర, పసుపు ఐదు రూపాయలు పాతవి 600 దగ్గర, 2019వి 674 దగ్గర, పది రూపాయలు 771 నుంచి 774 మధ్య రావాలి. మీ పడికట్టు దీనికి బాగా దూరంగా ఉంటే కుప్పలో వేరే నమూనా కలిసిందన్నమాట.

కాటా సంగతి కూడా చూడాలి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలు చాలావరకు 5 గ్రాముల మెట్టుతో చూపిస్తాయి. మూడు గ్రాముల రూపాయి ఒకటి తగ్గినా దానికి తెలియదు. ఒక గ్రాము వరకు చూపించే వంటింటి కాటా కావాలి. అది లేకపోతే తూకం మానేసి దొంతర పద్ధతి పట్టుకోండి. ఇరవై బిళ్లలు లెక్కపెట్టి ఒక దొంతర నిలబెట్టి, గోడ వారగా ఉన్న చెక్క మీద దాని పక్కనే మిగతా దొంతరలు అదే ఎత్తుకు పేర్చండి. పైన స్కేలు ఆనిస్తే పొట్టిదీ పొడుగుదీ తెలిసిపోతుంది. ఐదు దొంతరలు ఒక కట్ట. నమూనాలు కలిస్తే మందం తేడా వచ్చి ఇదీ తప్పుతుంది.

కట్టలు

బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన సూచనల్లోనే ఉంది. చిల్లరను నూరేసి బిళ్లల పాలిథిన్ సంచుల్లో తీసుకుంటే క్యాషియర్‌కూ ఖాతాదారుకూ వీలుగా ఉంటుందని, రూపాయి, రెండు రూపాయల బిళ్లలను తూకం వేసి తీసుకోవచ్చని. కాబట్టి కట్ట అంటే నూరే. యాభై, నూట ఇరవై వద్దు. పోతే పోయిందని ఒకటి ఎక్కువ వేయడమూ వద్దు. విప్పి చూసిన కట్టలో 101 వస్తే క్యాషియర్‌కు మీ ఉదారత కనపడదు, లెక్క రాదని మాత్రం తెలుస్తుంది.

మందపాటి పారదర్శక కవరు వాడండి. పాల ప్యాకెట్లు, కూరగాయల కవర్లు ఐదు రూపాయల బిళ్లల బరువుకు అడుగున చిరుగుతాయి. మూతి రబ్బరు బ్యాండుతో కట్టండి, పిన్నులు కొట్టొద్దు. లోపల బయటికి కనపడేలా చీటీ పెట్టండి. బిళ్ల అంకె, సంఖ్య, మొత్తం, మీ ఖాతా పేరు. గుడి కమిటీ సొమ్మైతే లెక్కపెట్టిన ఇద్దరి సంతకాలు కూడా. రూపాయి కట్ట నూరు రూపాయలు, రెండు రూపాయల కట్ట రెండు వందలు, ఐదుది ఐదు వందలు, పదిది వెయ్యి. పది కట్టలు ఒక గుడ్డ సంచిలో వేస్తే ఐదు రూపాయల బిళ్లలు 5,000 రూపాయలకు ఆరు కిలోలు తూగుతాయి. మోటారు సైకిల్ హ్యాండిల్‌కు ఒకవైపే తగిలించొద్దు, మలుపులో బండి లాగేస్తుంది.

బ్యాంకు కన్నా ముందు అడగాల్సినవాళ్లు

కట్టిన చిల్లర కావాల్సినవాళ్లు డెల్టాలో ఇప్పటికీ ఉన్నారు. టిఫిన్ హోటళ్లు, పాల బూతులు, కిళ్లీ కొట్లు, షేర్ ఆటోలు, నర్సాపురం సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్ని ఏరు దాటించే పడవ) టికెట్లు కోసేవాళ్లు, గుళ్ల ముందు చెప్పుల స్టాండు నడిపేవాళ్లు. బస్సు కండక్టర్లను కూడా అడగొచ్చు గానీ, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెవెలుగులో వాళ్లకు ఇదివరకటంత చిల్లర పట్టదు. హోటలువాళ్లకు ఎక్కువగా కావాల్సింది ఐదు రూపాయల బిళ్లలు. తెల్లవారి టిఫిన్ల హడావుడి అయిపోయి, మధ్యాహ్నం భోజనాలు మొదలవక ముందు వెళ్లండి. గల్లా దగ్గర కూర్చున్నవాళ్లకు నోట్లు లెక్కపెట్టి ఇచ్చే తీరిక అప్పుడే.

రూపాయి బిళ్లలకు మాత్రం అదనుంది. పెళ్లిళ్లలో చదివింపులు 116, 516, 1,116 కాబట్టి కవరుకు ఒక రూపాయి బిళ్ల కావాలి. బిళ్ల అంటించిన కవర్లు అమ్మే ఫ్యాన్సీ షాపులవాళ్లు ముహూర్తాల ముందు కట్టల లెక్కన తీసుకుంటారు. మూఢం రోజుల్లో అడిగితే వద్దంటారు. కార్తీకంలో సత్యనారాయణ వ్రతాలు ఎక్కువ. మండపంలో తమలపాకుల మీద పెట్టడానికి పురోహితులకు, పూజాసామాన్ల కొట్లకు బిళ్లలు పడతాయి. జనవరిలో భోగి ముందు రెండు మూడు రోజులు ఇళ్లవాళ్లే అడిగి తీసుకుంటారు, రేగుపళ్లలో కలిపి పిల్లల నెత్తిన పోయడానికి. వీటన్నిటికీ కడిగిన బిళ్లలే కావాలి. మెరుపు పనికొచ్చేది ఇక్కడే.

వందకు ఐదో పదో తగ్గించుకుని నోట్లు ఇస్తామనేవాళ్లు సంతల్లో, గుళ్ల దగ్గర కనపడతారు. కట్టలు కట్టాక ఆ కమీషన్ ఇవ్వాల్సిన పని లేదు.

బ్యాంకులో

క్యాష్ డిపాజిట్ మెషిన్ నోట్లే తీసుకుంటుంది. ఊళ్లోని బ్యాంకు మిత్ర దగ్గరా చిల్లర జమ కుదరకపోవచ్చు. మీ ఖాతా ఉన్న శాఖకు వెళ్లడం తేలిక. నోట్లు ఇమ్మని అడగడం కన్నా ఖాతాలో జమ చేయమనడం తేలిక. జమ అయ్యాక నోట్లు ఏటీఎంలో తీసుకోవచ్చు.

ముందు రోజు ఉత్త చేతులతో వెళ్లి మేనేజరుతోనో క్యాషియర్‌తోనో మాట్లాడండి. “ఐదు రూపాయల బిళ్లలు ఐదు వేలకు నూరేసి కట్టలు కట్టి ఉన్నాయండీ, ఎప్పుడు తెమ్మంటారు?” అని అడిగితే వాళ్లే వేళ చెబుతారు. సోమవారం, సెలవు మర్నాడు, నెల మొదటి వారం, మార్చి చివర వద్దు. సార్వా, దాళ్వా ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడే రోజుల్లో, పంట రుణాలు తిరగరాసే రోజుల్లో శాఖలు కిటకిటలాడతాయి, అప్పుడూ వద్దు. రెండో, నాలుగో శనివారాలు ఎలాగూ సెలవే. సాయంత్రం క్యాష్ కట్టేసే ముందు మాత్రం అస్సలు వెళ్లకండి. ఒక్క కట్టలో తేడా వస్తే ఆ రోజు శాఖ లెక్క అక్కడే ఆగిపోతుంది.

వోచరులో నాణేల వరుస వేరుగా ఉంటుంది, అందులో రాయండి. ఒక విడతకు ఐదు నుంచి పది కట్టలు పట్టుకెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. లెక్క అయ్యేదాకా కౌంటరు దగ్గరే ఉండి, ముద్ర వేసిన కౌంటర్ ఫాయిల్ తీసుకుని, మొత్తం సరిచూసుకున్నాకే కదలండి. కరెంటు ఖాతాకు నగదు లెక్కింపు ఛార్జీ ఉండొచ్చు, సేవింగ్స్‌లో నెలకు ఇన్నిసార్లే ఉచిత జమ అని ఉండొచ్చు. బ్యాంకును బట్టి మారుతుంది కాబట్టి ముందే అడగండి.

శాఖలు వెనకాడటానికి ఇంకో కారణం, వాళ్ల దగ్గర పెట్టుకునే చోటు ఉండదు, కరెన్సీ చెస్ట్‌కు (రిజర్వు బ్యాంకు తరఫున నోట్లు, నాణేలు దాచే ఖజానాకు) పంపాలంటే బండి ఖర్చు. చిల్లర జనంలోకి పంచినందుకు రిజర్వు బ్యాంకు పెద్ద సంచికి 65 రూపాయలు బ్యాంకులకు ఇస్తోంది, 2021 సెప్టెంబరు నుంచి. అంటే పంచడానికి వీలుగా కట్టి ఉన్న చిల్లర శాఖకు కూడా పనికొచ్చేదే.

తీసుకోం అంటే

ఇక్కడ రెండు వేర్వేరు నియమాలను జనం కలిపేస్తుంటారు. నాణేల చట్టం ప్రకారం ఒక చెల్లింపులో రూపాయి, ఆపైన బిళ్లలు 1,000 రూపాయల దాకా, యాభై పైసలు 10 రూపాయల దాకా చట్టబద్ధం. అంతకు మించి బిళ్లలుగా ఇస్తే కొట్టువాళ్లు కాదనొచ్చు. బ్యాంకు జమకు ఈ పరిమితి లేదు, ఎంతైనా తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏ శాఖా చిల్లరను కౌంటరు దగ్గర తిరస్కరించకూడదని కూడా చెప్పింది.

అయినా కాదంటే గొడవ పెట్టుకోకుండా, కాదన్న సంగతి రాసిమ్మని అడగండి. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. లేకపోతే బ్యాంకు సొంత ఫిర్యాదు విభాగానికి రాసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో రాయొచ్చు. తేదీ, వేళ, శాఖ, ఎన్ని కట్టలు తీసుకెళ్లారు అన్నవి రాసి ఉంచుకోండి.

పది రూపాయల బిళ్లది మరో పేచీ. గోదావరి జిల్లాల్లో చాలాచోట్ల కొట్లవాళ్లు చెల్లదని తిప్పి పంపుతారు. 14 నమూనాలు చలామణిలో ఉన్నాయని, రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. బజార్లో వాదించి సమయం పోగొట్టుకోవడం కన్నా వీటిని మొదటి విడతలోనే బ్యాంకులో వేసేయడం మేలు. ఇరవై రూపాయల బిళ్లల తర్వాత తక్కువ బరువుకు ఎక్కువ విలువ కూడా వీటిదే.

మిగిలినవి

పాత ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామని వాట్సాప్‌లో వచ్చేవి నమ్మొద్దు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను అంటూ మీ దగ్గరే గుంజుతారు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. బిళ్లలను పాత సామాన్లవాళ్లకు లోహం లెక్కన అమ్మడం కూడా వద్దు, నాణేలు కరిగించడం అదే 2011 చట్టం కింద నేరం. చెల్లని పావలాలు పిల్లల ఆటకో దాచుకునేవాళ్లకో పనికొస్తాయి. గల్ఫ్ బిళ్లలను విదేశీ డబ్బు మార్చేవాళ్లు సాధారణంగా తీసుకోరు, వాళ్లకు నోట్లే కావాలి. ఊళ్లో ఎవరో ఒకరు కువైటో దుబాయో వెళ్తూనే ఉంటారు కాబట్టి దేశం వారీగా చిన్న కవర్లలో కట్టి, విమానం ఎక్కేవాళ్ల చేతిలో పెట్టి ఇక్కడి నోట్లు పుచ్చుకోండి.